పావు సెంటు పెరడు: ఖర్చు పెరగకుండా కూరలు పండించి వాడుకునే వరస

పెరట్లో కూరలు వేద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ గింజలు కొనాలని. గింజ ఆఖర్న వచ్చే పని. మొదట ఎరువు, తరవాత నేల, ఆ తరవాత నీళ్ల దారి, అవన్నీ కుదిరాకే గింజ. ఈ వరస తిరగబడితే జూన్ వచ్చేసరికి సంచుల్లో మట్టి, సంచుల్లో ఎరువు, కుండీలు, అన్నీ కొనాల్సి వస్తుంది. అప్పుడు పెరటి ఆనపకాయ రైతుబజారు ఆనపకాయ కన్నా ఖరీదైపోతుంది.

కింద రాసింది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నేలకీ వానకీ సరిపడే పద్ధతి. చోటు పావు సెంటు, అంటే సుమారు 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. రోజుకి 6 గంటల ఎండ తగలాలి. ఇంత చోట్లో ఆకుకూరలు, పాదుకాయలు బాగా వస్తాయి. ఉల్లి, బంగాళాదుంపల జోలికి పోకండి, అవి తినే చోటుకి వచ్చే దిగుబడి చాలదు.

1. ఫిబ్రవరి, మార్చి: ఎరువు గొయ్యి

3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు. వీలైతే పక్కపక్కనే రెండు తవ్వండి. ఒకటి నిండి మాగుతుంటే రెండోది నింపుకోవచ్చు. చుట్టూ అర అడుగు గట్టు కట్టాలి, లేకపోతే తొలకరికి గొయ్యి చెరువైపోతుంది.

అడుగున కొబ్బరి డొక్కలు, ఎండు పుల్లలు అర అడుగు మందాన పరవండి. వాటి సందుల్లోంచి గాలి ఆడుతుంది. దాని మీద ఎండాకు అర అడుగు, ఆ పైన వంటింటి చెత్త 2 అంగుళాలు, ఆ పైన గుప్పెడు మట్టి చల్లి, కిలో పేడ 10 లీటర్ల నీళ్లలో కలిపి చిలకరించండి. ఇలా పొరలు పొరలుగా నింపాలి. ఎండుది మూడు తట్టలు వేస్తే పచ్చిది ఒక తట్ట. ఈ లెక్క తప్పడం వల్లే చాలా గోతులు కంపు కొడతాయి.

పదిహేను రోజులకోసారి పారతో అడుగుది పైకి, పైది అడుగుకి తిరగెయ్యాలి. గుప్పిట్లో తీసుకుని గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ, పొడిపొడిగా రాలితే తక్కువ. ఎండాకాలంలో రెండు, రెండున్నర నెలల్లో తయారవుతుంది, వానాకాలంలో మూడు నాలుగు నెలలు పడుతుంది.

గొయ్యి చెప్పే జబ్బులు:

- కంపు కొడుతోంది: తడి ఎక్కువైంది. ఎండాకు కలిపి తిరగెయ్యండి.
- చీమలు పట్టాయి: తడి చాల్లేదు. పేడనీళ్లు చిలకరించండి.
- వేడెక్కడం లేదు: పచ్చి చెత్త తక్కువైంది. వంటింటి తొక్కలో, కోసిన పచ్చగడ్డో వెయ్యండి.
- ఈగలు ముసురుతున్నాయి: తొక్కలు పైకి కనబడేలా వదిలేశారు. ప్రతిసారీ మట్టితో కప్పండి.

కొబ్బరి చెట్లున్న ఇళ్లవాళ్లు, ముఖ్యంగా ఉద్దానం వైపువాళ్లు, ఇంకొకటి చూసుకోవాలి. కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది ఎక్కువగా పెంటకుప్పల్లోనే. తిరగేసినప్పుడు బొటనవేలంత లావున, గోధుమరంగు తలతో, అర్ధచంద్రంలా ముడుచుకున్న తెల్ల పురుగులు కనబడితే అది దాని పిల్లే. ఏరి కోళ్లకి వెయ్యండి, లేదా సబ్బునీళ్లలో ముంచండి. క్రమం తప్పకుండా గొయ్యి తిరగేసేవాళ్లకి ఈ పురుగు పెద్దదయ్యే అవకాశం ఉండదు. గొయ్యి తవ్వి మరచిపోతే మాత్రం ఎరువు కోసం కొబ్బరి చెట్టుని పోగొట్టుకున్నట్టే.

గోతిలో వెయ్యకూడనివి: ఉప్పు పట్టిన పచ్చళ్లు, నూనె, పుచ్చిన పాదుకాయలు, తెగులు పట్టిన తీగలు. చేప తలలు, పొలుసు వేస్తే కుక్కలు గొయ్యి తవ్వేస్తాయి. వాటిని చెట్టుకి 3 అడుగుల దూరంలో, అడుగున్నర లోతున విడిగా పాతెయ్యండి.

ఎరువు తయారైందో లేదో తేల్చుకోవాలంటే గుప్పెడు తీసి ప్లాస్టిక్ కవర్లో మూడు రోజులు గట్టిగా కట్టి ఉంచండి. విప్పినప్పుడు వానమట్టి వాసన వస్తే తయారైనట్టు. పుల్లటి వాసనో, కుళ్లు వాసనో వస్తే ఇంకా మాగాలి. పచ్చి పేడ మాత్రం నేరుగా మడిలో వెయ్యకండి. ఎర్రనేలలో చెదలు ముందు దాని మీదకి వస్తాయి, తరవాత మొక్క వేళ్ల మీదకి పోతాయి.

2. మే: నేల

తడిపిన మట్టిని పిడికిట్లో ఉండ చెయ్యండి. ఉండ కట్టకుండా జారిపోతే ఇసుక నేల. కవిటి, సోంపేట, పూసపాటిరేగ, భోగాపురం సముద్రపు ఒడ్డున ఇదే ఎక్కువ. మూడు తట్టల ఇసుకకి ఒక తట్ట చెరువు మట్టి, ఒక తట్ట ఎరువు కలపండి. ఎండాకాలంలో చెరువులు ఎండినప్పుడు ఈ మట్టి సులువుగా దొరుకుతుంది. ఉండ కట్టి, వేలితో నొక్కితే చిట్లేది మామూలు ఎర్రనేల. రాళ్లు ఏరేసి, చదరపు మీటరుకి 3 నుంచి 4 కిలోల ఎరువు కలిపితే చాలు. ఉండ బంకలా సాగితే అది బంకమట్టి. దానికి ఇసుక కన్నా ఎరువే మేలు చేస్తుంది, మోతాదు ఒకటిన్నర రెట్లు చెయ్యండి.

గునపంతో అడుగు లోతు గుల్ల చెయ్యాలి. మడి వెడల్పు 3 అడుగులు దాటకూడదు. రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలి, లోపల కాలు పెట్టకూడదు. కాలు పెట్టిన చోట మట్టి గట్టిపడి వేరు దిగదు.

అందరూ పొరబడేది మడి ఎత్తు దగ్గర. జూన్ నుంచి నవంబరు దాకా మడి నేల కన్నా 6 నుంచి 8 అంగుళాలు ఎత్తుగా ఉండాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా అదే మడి 3 అంగుళాలు పల్లంగా ఉండాలి. ఎండాకాలపు పల్లపు మడిని అలాగే ఉంచి వానాకాలంలో గింజ వేస్తే మొలకలు మొదలు కుళ్లి పడిపోతాయి. చాలామంది దాన్ని గింజ తప్పనుకుని దుకాణం మారుస్తారు.

మట్టి పరీక్ష చేయించాలనుకుంటే శ్రీకాకుళం జిల్లావాళ్లు ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడగొచ్చు. మట్టిని ఒకేచోట కాకుండా నాలుగైదు చోట్ల అర అడుగు లోతు నుంచి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి అర కిలో పట్టుకెళ్లండి.

3. నీళ్ల దారి

ఇంట్లో ఒంపేసే నీళ్లలో దేన్ని ఎటు పంపాలో ముందే తేల్చుకోండి.

- బియ్యం, పప్పు కడిగిన నీళ్లు: ఆకుకూర మడికి, అదే రోజు. నిలవుంచితే పులిసి దోమలు పడతాయి.
- చేపలు కడిగిన నీళ్లు: కరివేపాకు, మునగ మొదళ్లకి.
- స్నానం నీళ్లు: అరటికి, కందకి. చిన్న కాలవ తీసి అందులో గులకరాళ్లు పొయ్యండి.
- గిన్నెలు తోమిన నీళ్లు: బూడిదతోనో, కుంకుడు పిప్పితోనో తోమితే అరటికి పనికొస్తాయి. సబ్బుపొడి నీళ్లయితే ఆకుకూరల దరికి రానివ్వకండి.
- ఉప్పు వేసి ఉడకబెట్టిన నీళ్లు: ఏ మొక్కకీ వద్దు.

ఎండాకాలానికి మట్టికుండ పద్ధతిని మించింది లేదు. 5 నుంచి 7 లీటర్లు పట్టే, రంగు వెయ్యని కుండని నాలుగు మొక్కల మధ్య మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూత పెట్టండి. కుండ గోడల్లోంచి తడి ఊరుతూ వేళ్లకి అందుతుంది. రెండు మూడు రోజులకోసారి నింపితే సరిపోతుంది. నీళ్లు దిగడం మానేస్తే కుండ రంధ్రాలు పూడుకుపోయినట్టు. తీసి కొబ్బరి పీచుతో గరుగ్గా తోమి ఎండబెట్టి మళ్లీ పాతండి. మూత లేకపోతే దోమలకి ఇల్లు కట్టిచ్చినట్టే.

4. జూన్: గింజ

మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన పడి, మట్టి వేలెడు లోతు తడిశాక వెయ్యండి. పై మట్టి తడిసిందని తొందరపడితే మొలక వచ్చి ఎండిపోతుంది.

పందిరి ఉత్తరం వైపు ఉండాలి. చలికాలం పొద్దు దక్షిణానికి వాలుతుంది కాబట్టి పందిరి నీడ ఆకుకూరల మీద పడదు.

ఆనప: గింజల్ని 12 గంటలు నానబెట్టండి. అడుగున్నర లోతు గోతిలో తట్టెడు ఎరువు మట్టితో కలిపి నింపి, అంగుళం లోతున నాలుగు గింజలు. మొలిచాక బలమైనవి రెండే ఉంచండి. బీర, బూడిద గుమ్మడి కూడా ఇదే పద్ధతి. పావు సెంటుకి మూడు పాదులే. నాలుగోది వేస్తే నాలుగూ కాయవు.

తోటకూర: గింజ నలుసంత ఉంటుంది, దానికి ఐదింతలు పొడి ఇసుక కలిపి చల్లండి. 25 రోజులకి పీకొచ్చు. మడినంతా ఒకేసారి నింపకుండా పదిహేను రోజులకోసారి కొంత కొంత చల్లితే ఎప్పుడూ లేతకూర ఉంటుంది.

గోంగూర: వరసకీ వరసకీ అడుగు. పీకకుండా కొమ్మలు తుంచితే మళ్లీ చిగురిస్తుంది.

బచ్చలి: గింజ అక్కర్లేదు. మూడు కణుపులున్న జానెడు తీగ ముక్క చాలు, రెండు కణుపులు మట్టిలోకి పోవాలి.

వంగ, మిరప: నారు పోసి 25 నుంచి 30 రోజులకి సాయంత్రం పూట నాటండి. వంగకి మొక్కకీ మొక్కకీ 2 అడుగులు.

కంద, చేమ: అరటి నీడన, మే ఆఖరుకే పాతెయ్యాలి. చేమ ఐదారు నెలలకి, కంద ఏడెనిమిది నెలలకి వస్తాయి.

నారుమడి మీద పాత దోమతెర కప్పితే మిడతలూ కోళ్లూ రావు. కుండీలకి నూనె డబ్బాలు, సిమెంటు సంచులు వాడుకోవచ్చు, సంచిని మాత్రం రెండుసార్లు ఉతకాలి. పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా వద్దు.

5. పందిరి, పాదు

వెదురు బొంగులు 2 అడుగులు భూమిలోకి, 5 అడుగులు పైకి. బొంగు మొదలుకి తారో, వాడేసిన ఇంజనాయిలో పూస్తే చెదలు ఆలస్యంగా పడతాయి. పైన అడ్డంగా కొబ్బరి తాడు జానెడు సందుతో అల్లండి. తీగల్ని కట్టడానికి పాత లుంగీ, చీర పీలికలు మంచివి. నైలాన్ తాడు తీగని కోసేస్తుంది.

తీగ పందిరి ఎక్కేదాకా పక్క కొమ్మలు గిల్లెయ్యండి. పందిరి ఎక్కగానే కొస తుంచండి. అప్పుడు వచ్చే పక్క కొమ్మల మీదే ఆడపూలు ఎక్కువ. మొదటి పది పదిహేను రోజులూ మగపూలే పూసి రాలిపోతాయి, దానికి మందు కొట్టాల్సిన పని లేదు.

పిందె పసుపురంగుకి తిరిగి రాలిపోతే పరాగం అందలేదని అర్థం. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. బూడిద గుమ్మడి, నేతిబీర, కాకర పూలు తెల్లవారి. ఆ వేళకే మగపువ్వుని కోసి, రేకలు తీసేసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. పొద్దున్నే లేచి ఆనప పువ్వుకి రాస్తే లాభం లేదు, అప్పటికే వాడిపోయి ఉంటుంది.

గోరు సులువుగా దిగితే కాయ కోతకొచ్చినట్టు. ఒక్క కాయ ముదిరేదాకా వదిలినా పాదు పూత తగ్గించేస్తుంది.

6. పురుగు

మొలక రెండాకుల మీదున్నప్పుడు ఎర్ర పెంకు పురుగు వస్తుంది. పొద్దున్నే మంచు తడి ఉండగా జల్లించిన పొయ్యి బూడిద ఆకుల మీద పల్చగా చల్లండి. మందంగా వేస్తే ఆకే ఉక్కిరిబిక్కిరవుతుంది.

పేను, రసం పీల్చే పురుగులకి: వేపగింజల పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూటకట్టి లీటరు నీళ్లలో రాత్రంతా ఉంచండి. పొద్దున పిండి, వడకట్టి, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి. కలిపింది ఆ రోజే వాడెయ్యాలి.

కాయ మీద జిగురు చుక్క, లోపల తెల్ల పురుగులు ఉంటే అది పండు ఈగ. ఆడపువ్వు రేకలు రాలగానే పిందెకి కాగితం పొట్లం తొడగండి, అడుగున చిన్న కన్నం ఉంచండి. రాలిన కాయల్ని గోతిలో వెయ్యకుండా 2 అడుగుల లోతున పాతాలి. ఎర బుట్ట కొనేవాళ్లు ఇది గమనించండి: మామిడి తోటలకి వాడే మిథైల్ యూజినాల్ ఎరకి పాదుల మీది ఈగ రాదు. దీనికి క్యూ ల్యూర్ అని అడగాలి.

7. వంటింట్లో

కోతకొచ్చిన ఆనపకాయ కూర అవుతుంది. దాని తొక్కు రెండు చెంచాల నువ్వులు, ఆరు ఎండుమిరపకాయలు, కొద్దిగా చింతపండుతో వేయించి రుబ్బితే పచ్చడి. గుమ్మడి చిగుళ్లు, ములగాకు పప్పులోకి. ఇవన్నీ వాడాక మిగిలిందే గోతిలోకి పోవాలి.

గెల కొట్టాక అరటి బోదెని చాలామంది పారేస్తారు. పై పొరలు ఒలిచి లోపలి తెల్ల దూట తియ్యండి. చక్రాలుగా కోస్తూ ప్రతి చక్రం దగ్గరా వేలికి పీచు చుట్టి లాగెయ్యాలి. ముక్కలు పల్చటి మజ్జిగలో వేస్తే నల్లబడవు. ఉడికించి, పోపు వేసి, దించి గోరువెచ్చనయ్యాక ఆవ కలపండి. పొయ్యి మీద ఉండగా ఆవ కలిపితే చేదెక్కుతుంది. కంద, చేమాకు దురద పెట్టకుండా ఉండాలంటే చింతపండు పులుసు తప్పకుండా పడాలి. కోసేటప్పుడు చేతికి నూనె రాసుకోండి.

ఆనప, బీర వండేముందు చిన్న పచ్చిముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారెయ్యండి. చేదు ఆనపకాయ తింటే తీవ్రమైన వాంతులు, విరేచనాలు అవుతాయి, వండినా ఆ విషం పోదు. ఈ ఒక్క విషయంలో పొదుపు చూడకండి.

8. బూడిద గుమ్మడి వడియాలు

జూన్, జులైలో వేసిన పాదు సంక్రాంతి నాటికి కాయలిస్తుంది. ఒళ్లంతా బూడిద పట్టి, తొడిమ ఎండాక కొయ్యాలి. కాస్త తొడిమ ఉంచి కోసి ఉట్టిలో పెడితే నెలల తరబడి నిలవుంటుంది. జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా వడియాలకి మంచి ఎండ.

- బూడిద గుమ్మడికాయ 2 కిలోలు
- పొట్టు తీసిన మినపపప్పు అర కిలో
- పచ్చిమిరపకాయలు 100 గ్రాములు
- ఇంగువ, పసుపు, తగినంత ఉప్పు

సాయంత్రం కాయని తొక్కతోనే సెనగగింజంత ముక్కలు కొయ్యండి. ఉప్పు, పసుపు కలిపి పల్చటి గుడ్డలో మూటకట్టి, పైన రుబ్బురాయో బరువో పెట్టి రాత్రంతా ఉంచండి. దిగిన నీళ్లు పారబొయ్యకండి, ఉప్పు తగ్గించుకుని మజ్జిగపులుసులోకి వాడుకోండి.

పప్పు నాలుగు గంటలు నానితే చాలు. నీళ్లు దాదాపు లేకుండా, గారెల పిండి కన్నా గట్టిగా రుబ్బాలి. తెల్లారగట్ల ముక్కలు, మిరపకాయ ముద్ద, ఇంగువ కలిపి, రుచి చూసి ఉప్పు సరిచెయ్యండి. ముక్కల్లో ఉప్పు ముందే ఉంది కాబట్టి తొందరపడి వేస్తే మించిపోతుంది.

పాత పంచె తడిపి పిండి, మేడ మీద పరిచి, ఎండ ఎక్కకముందే పెట్టెయ్యండి. రెండో రోజు సాయంత్రం గుడ్డ వెనక నీళ్లు చిలకరిస్తే వడియాలు చక్కగా ఊడొస్తాయి. తిరగేసి ఇంకో రెండు మూడు రోజులు ఎండబెట్టండి. విరిస్తే టక్కున విరగాలి, లోపల మెత్తగా ఉండకూడదు.

వడియం గట్టిగా రాయిలా ఉంటే పప్పు సరిగా నలగలేదు. నూనెలో ఎర్రబడి పొంగకపోతే పిండిలో నీళ్లు ఎక్కువయ్యాయి. పుల్లగా ఉంటే మొదటి రోజు ఎండ చాల్లేదు. మబ్బు కనబడితే ఆ రోజు పప్పు నానబెట్టకపోవడమే మంచిది.

9. అక్టోబరు: తుపాను

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి, సరిగ్గా పందిరి నిండుగా ఉండే నెల. హెచ్చరిక వినగానే:

- చేతికొచ్చిన కాయ, పిందెతో సహా కోసెయ్యండి.
- తీగల్లో మూడో వంతు ఆకు కత్తిరించండి. గాలి పట్టు తగ్గుతుంది.
- నాలుగు మూలల బొంగులకీ ఏటవాలుగా తాడు కట్టి మేకు దిగ్గొట్టండి.
- మునగని 4 అడుగుల ఎత్తుకి నరికెయ్యండి. మళ్లీ చిగురిస్తుంది, పడిపోతే మాత్రం లేవదు.
- మడుల మధ్య కాలవలు పూడిక తీసి ఉంచండి.
- ఉట్టి మీది గింజలు, ఎండు ఒరుగులు డబ్బాల్లోకి మార్చండి.

గాలి తగ్గాక ముందు నీళ్లు బయటికి తీసెయ్యాలి. మడిలో నీళ్లు రోజు దాటి నిలిస్తే వంగ, మిరప వేళ్లు కుళ్లుతాయి. వాలిన మొక్కలు నిలబెట్టి మొదట్లో మట్టి ఎగదొయ్యండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఆకుల మీద ఉప్పు పడుతుంది, మంచినీళ్లతో కడగండి. ఖాళీ అయిన మడిలో వెంటనే తోటకూర చల్లితే నెల తిరక్కుండా కూర చేతికొస్తుంది.

10. వచ్చే ఏటి గింజ

పాదుకి రెండో కాయో మూడో కాయో గింజకి వదలండి. ఆఖరి కాయల్లో గింజ తేలిపోతుంది. గింజకాయకి దారం కట్టి గుర్తు పెట్టకపోతే ఎవరో ఒకరు కూరకి కోసేస్తారు. పూత తగ్గుతుందని ముందే చెప్పాను కాబట్టి మూడు పాదుల్లో ఒక్కదాని మీదే వదలండి. ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని ఉన్న వాటి గింజ దాచకండి, మరుసటి ఏడు కాయ తీరు మారిపోతుంది. చేదు తగిలిన పాదు గింజ అసలే వద్దు.

ఆనప తీగ మీదే ఎండి, ఊపితే గింజలు గలగలమనాలి. వంకాయ పసుపురంగుకి తిరిగాక కోసి, గింజలు నీళ్లలో పిసికి, తేలినవి పారబోసి మునిగినవి తీసుకోండి. రెండు రోజులు నీడన, తరవాత మూడు రోజులు పొద్దుటి ఎండలో ఆరాక, జల్లించిన బూడిద కలిపి గాజు సీసాలో మూత బిగించండి. సీసా మీద రకం పేరు, గింజ తీసిన నెల రాసి అంటించండి. పాదుల గింజలు ఇలా రెండు మూడేళ్లు మొలకెత్తుతాయి. అనుమానంగా ఉంటే మే ఆఖర్న పది గింజలు తడిగుడ్డలో మూటకట్టి చూడండి, వారంలో ఏడు మొలిస్తే ఆ సీసా జూన్‌కి పనికొస్తుంది.